బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ: ప్రవేశం నుంచి వైవా దాకా

బయోకెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి పీహెచ్‌డీ వైపు చూస్తున్నవారిలో చాలామంది మొదట ప్రవేశ పరీక్ష గురించి అడుగుతారు, తర్వాత సంస్థ పేరు గురించి అడుగుతారు. ఏ ల్యాబ్‌లో, ఎవరి దగ్గర, ఏ ప్రశ్న మీద పనిచేయబోతున్నామన్న విచారణ అన్నిటికంటే వెనక్కి పోతుంది. ఈ వరుసను తిరగెయ్యాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ శాస్త్రంలో పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లపాటు ఒక ఎంజైమునో, ఒక ప్రొటీన్ల గుంపునో, ఒక జీవక్రియా మార్గాన్నో పట్టుకుని, ఇంకెవరు చేసినా అదే ఫలితం వచ్చేంత జాగ్రత్తగా కొలిచి చెప్పడం నేర్చుకోవడమే. పరీక్ష అందులో చేరే అర్హతను ఇస్తుంది. ఆ ఏళ్లు ఎలా గడుస్తాయన్నది మాత్రం ల్యాబ్ ఎంపికను బట్టి, బెంచి దగ్గర చేసుకునే అలవాట్లను బట్టి ఉంటుంది.

అర్హత, ముందస్తు తయారీ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం రెండేళ్ల ఎం.ఎస్సీ.లో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీ తర్వాత ఏడాది మాస్టర్స్ చేసినవారికీ ఇదే లెక్క. నాలుగేళ్ల డిగ్రీతోనే నేరుగా రావాలనుకుంటే 75 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అభ్యర్థులకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంటుంది. బయోకెమిస్ట్రీ ఎం.ఎస్సీ.యే కావాలన్న పట్టింపు చాలా చోట్ల లేదు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ చదివినవారిని కూడా తీసుకుంటారు. కెమిస్ట్రీ నుంచి వచ్చినవారికి చర్యల యాంత్రికత, థర్మోడైనమిక్స్ బలంగా ఉంటాయి కాబట్టి ఎంజైములు, ప్రొటీన్ నిర్మాణం మీద పనిచేసే ల్యాబ్‌లు వారిని ఇష్టపడటం కూడా ఉంది.

నాలుగేళ్ల డిగ్రీతో నేరుగా చేరే అవకాశం ఉన్నా, చేత్తో ప్రయోగాలు చేసిన అనుభవం లేనివారు తొందరపడకపోవడం మంచిది. ఎం.ఎస్సీ. చివరి సెమిస్టరులోని ప్రాజెక్టును మొక్కుబడిగా ముగించకుండా, కనీసం ఒక ప్రొటీన్‌ను శుద్ధి చేయడం, దాన్ని జెల్ మీద చూడడం, దాని చర్యావేగాన్ని కొలవడం సొంతంగా చేసి ఉండాలి. కాలేజీలో ఆ సదుపాయం లేకపోతే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. దీనితో వేసవిలో రెండు నెలలపాటు ఒక పరిశోధన సంస్థలో పనిచేసే వీలు దొరుకుతుంది. జిల్లా కేంద్రాల్లోని డిగ్రీ కాలేజీల నుంచి వచ్చే విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. మైక్రోపిపెట్ పట్టుకోవడంలో, లాగ్ పుస్తకం రాయడంలో, చల్లని గదిలో పనిచేయడంలో చేతికి వచ్చే చనువు ఏ కోచింగులోనూ దొరకదు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఒక మాట. పరిశోధనలో రాసేదీ, సెమినార్లలో చెప్పేదీ ఇంగ్లిష్‌లోనే అయినా, అందుకు కావలసిన ఇంగ్లిష్ పరిమితమైనదే. రోజుకొక పరిశోధన పత్రంలో పద్ధతుల విభాగాన్ని, బొమ్మల కింద ఇచ్చిన వివరణలను చదివి, అందులో ఏం కొలిచారో, ఎలా కొలిచారో తెలుగులోనే నాలుగు వాక్యాలు రాసుకునే అలవాటు ఉంటే, కొద్ది నెలల్లో విషయమూ భాషా రెండూ పట్టుబడతాయి.

పరీక్షలు

ప్రధానమైనది సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, అంటే సైన్స్ విషయాల్లో పరిశోధన ఫెలోషిప్‌కూ అధ్యాపక అర్హతకూ జరిపే జాతీయ పరీక్ష. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు, మూడు గంటలు ఉంటుంది. ఎ భాగంలో 20 ప్రశ్నల్లో 15, బి భాగంలో 50లో 35, సి భాగంలో 75లో 25 రాస్తే చాలు. మొదటి రెండు భాగాల్లో ప్రశ్నకు రెండేసి మార్కులు, సి భాగంలో నాలుగేసి మార్కులు. తప్పు జవాబుకు పావు వంతు కోత పడుతుంది. అంటే మొత్తం మార్కుల్లో సగం సి భాగంలోని 25 ప్రశ్నల్లోనే ఉన్నాయి. అవి బట్టీతో తేలేవి కావు. ఒక ప్రయోగం ఫలితాన్ని గ్రాఫుగానో, జెల్ బొమ్మగానో ఇచ్చి దాని నుంచి ఏం నిర్ధారించవచ్చో అడుగుతారు. 13 యూనిట్ల సిలబస్‌లో బయోకెమిస్ట్రీ విద్యార్థులు అణువులు-వాటి పరస్పర చర్యలు, కణ నిర్మాణం, డీఎన్ఏ-ఆర్ఎన్ఏ-ప్రొటీన్ సంశ్లేషణ వంటి మౌలిక ప్రక్రియలు, కణ సంకేతాలు, ప్రయోగ పద్ధతులు అనే ఐదింటిని గట్టిగా పట్టుకోవాలి. జీవావరణం, వైవిధ్యం వంటి యూనిట్లలో ఎంపిక చేసుకున్న అంశాలు చదివితే సరిపోతుంది. అన్ని యూనిట్లనూ సమంగా చదవబోయి ఏదీ లోతుగా రాకుండా పోయినవారిని చాలామందిని చూస్తాం.

2024 జూన్ పరీక్ష నుంచి నెట్ ఫలితాలు మూడు శ్రేణులుగా వస్తున్నాయి. జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి ఫెలోషిప్‌తోపాటు ఇంటర్వ్యూ ద్వారా ప్రవేశం లభిస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పీహెచ్‌డీ ప్రవేశం రెండో శ్రేణి, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే మూడో శ్రేణి. ఈ రెండింటిలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ మార్కులు ప్రవేశానికి ఏడాదిపాటే చెల్లుతాయి.

నెట్ ఒక్కటే దారి కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఫెలోషిప్ కోసం నిర్వహించే బెట్, గేట్‌లోని లైఫ్ సైన్సెస్ పేపరు ఉన్నాయి. గేట్‌లో కెమిస్ట్రీ తప్పనిసరి, మిగిలిన ఐదు విభాగాల్లో బయోకెమిస్ట్రీతోపాటు ఇంకొకటి ఎంచుకోవచ్చు. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్), దాని బెంగళూరు జీవశాస్త్ర కేంద్రం ఎన్‌సీబీఎస్ వంటి సంస్థలు జీవశాస్త్రానికి సొంతంగా జేజీఈఈబీఐఎల్ఎస్ పరీక్ష పెడతాయి. అందులో జ్ఞాపకం కంటే తర్కం ఎక్కువ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి ఏపీఆర్‌సెట్ ఉంది.

జేఆర్ఎఫ్ మొత్తం 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌గా) మారితే 42,000 రూపాయలు. హాస్టల్ ఇవ్వని చోట ఇంటి అద్దె భత్యం అదనం. ఇది మొత్తం ఐదేళ్ల దాకా వస్తుంది. ఎస్ఆర్ఎఫ్ దానంతటదే రాదు. బయటి నిపుణుడు ఉన్న కమిటీ ముందు రెండేళ్ల పనిని చెప్పి ఒప్పించాలి. ఇల్లలకగానే పండగ కానట్టు, జేఆర్ఎఫ్ లేఖ చేతికి రాగానే పీహెచ్‌డీ మొదలైనట్టు కాదు. దానికి గడువు ఉంటుంది. ఆలోగా మంచి ల్యాబ్‌లో చోటు వెతుక్కోవడమే అసలు పని.

ఎక్కడ

తెలుగువారికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. హైదరాబాదులో హబ్సిగూడ, తార్నాక, ఉప్పల్ మధ్య కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ), జాతీయ పోషకాహార సంస్థ, డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం (సీడీఎఫ్‌డీ), ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. గచ్చిబౌలి వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ శాఖ, అదే ప్రాంతంలో టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ కేంద్రం, జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ ఉన్నాయి. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఐసర్, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ బయోకెమిస్ట్రీ శాఖ 1921లో మొదలైంది. దేశంలో ఈ శాస్త్రానికి పాత పీఠాల్లో అది ఒకటి.

పరిశోధన సంస్థలకూ విశ్వవిద్యాలయాలకూ మధ్య తేడా తెలిసి ఎంచుకోవాలి. సీసీఎంబీ వంటి సంస్థల్లో పరికరాలు, సాంకేతిక సిబ్బంది, రసాయనాల సరఫరా మెరుగ్గా ఉంటాయి. అయితే డిగ్రీని అవి నేరుగా ఇవ్వకుండా సీఎస్ఐఆర్ ల్యాబ్‌ల విద్యార్థులకు డిగ్రీలిచ్చే ఏసీఎస్ఐఆర్ వంటి సంస్థల ద్వారా ఇప్పిస్తాయి. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అలవాటు, వేర్వేరు శాఖలవారితో స్నేహం, అధ్యాపక ఉద్యోగానికి కావలసిన అనుభవం దొరుకుతాయి. పెద్ద పరికరం కావలసినప్పుడు మాత్రం పక్క సంస్థకు నమూనాలు పట్టుకెళ్లాల్సి రావచ్చు. రెంటిలో ఏది మేలన్నది మీ ప్రశ్నను బట్టి తేలుతుంది. ప్రొటీన్ నిర్మాణాన్ని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో చూడాలనుకునేవారికి పరికరం ఎక్కడుందన్నదే మొదటి ప్రశ్న. ఒక మొక్క ఎంజైము గతిశాస్త్రాన్ని కొలవదలచినవారికి మంచి స్పెక్ట్రోఫోటోమీటరూ, చల్లని సెంట్రిఫ్యూజూ, ఓపికగా నేర్పే గైడూ ఉంటే చాలు.

విదేశాల మాట క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. ట్యూషన్ ఫీజు మినహాయించి స్టైపెండ్ ఇస్తారు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లలో కొద్ది వారాల చొప్పున పనిచేసి చూశాకే గైడును ఎంచుకుంటారు. ఈ ఏర్పాటు మన దగ్గర ఇంకా ఎక్కువ సంస్థల్లోకి రావాలి. దరఖాస్తుల గడువు చాలా చోట్ల డిసెంబరులోనే ముగుస్తుంది. జీఆర్ఈ ప్రవేశ పరీక్షను చాలా జీవశాస్త్ర విభాగాలు అడగడం మానేశాయి కాబట్టి మీతో పనిచేయించిన అధ్యాపకుల సిఫారసు లేఖలే కీలకం. జర్మనీలో మాస్టర్స్ ఉండాలి. అక్కడ పరిశోధక విద్యార్థిని సాధారణంగా ఒప్పందం మీద పనిచేసే ఉద్యోగిగా చూస్తారు.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ బోర్డు సాధారణంగా మీ ఎం.ఎస్సీ. ప్రాజెక్టుతో మొదలుపెడుతుంది. అందులో మీరు వాడిన ప్రతి రసాయనం ఎందుకు వాడారో తెలిసి ఉండాలి. కిట్ ఇచ్చిన సూచనల ప్రకారం చేశామంటే అక్కడితో మాట ఆగిపోతుంది. మౌలిక విషయాలను చిన్న లెక్కల రూపంలో అడగడం మామూలే. ఉదాహరణకు, ఒక ఎంజైము కేఎం విలువ, అంటే వేగం గరిష్ఠంలో సగానికి చేరే సబ్‌స్ట్రేట్ (ఎంజైము మార్చే పదార్థం) గాఢత, 50 మైక్రోమోలార్ అనుకుందాం. సబ్‌స్ట్రేట్ కూడా 50 మైక్రోమోలార్ ఉంటే వేగం ఎంత అని అడిగితే గరిష్ఠ వేగంలో సగమని అందరూ చెబుతారు. ఇప్పుడు ఒక పోటీ నిరోధకాన్ని (సబ్‌స్ట్రేట్ చోటుకు పోటీపడి ఎంజైమును అడ్డుకునే పదార్థాన్ని) దాని కేఐ విలువకు, అంటే అది ఎంజైమును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకెకు, సమానమైన గాఢతలో కలిపామంటారు. కేఎం రెట్టింపై 100గా కనిపిస్తుంది, గరిష్ఠ వేగం మారదు. కాబట్టి 50ని 150తో భాగించగా వేగం గరిష్ఠ వేగంలో మూడో వంతుకు వస్తుంది. ఆ తర్వాత సబ్‌స్ట్రేట్‌ను చాలా ఎక్కువ పోస్తే ఏమవుతుందని అడుగుతారు, గ్రాఫు గీయమంటారు, ఇది నిజంగా పోటీ నిరోధమేనని ఏ ప్రయోగంతో తేలుస్తావని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న దగ్గరే అభ్యర్థి ఆలోచించే తీరు బయటపడుతుంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసినంతవరకు బోర్డు ముందే పైకి ఆలోచించేవారికి మంచి మార్కులు వస్తాయి. అందుకే ప్రతి భావనకూ కాగితం మీద అంకెలు వేసి చూసుకునే సాధన అవసరం.

గైడును ఎంచుకోవడం

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ఎందుకంటే పరీక్ష మళ్లీ రాయవచ్చు, సమస్యను మార్చుకోవచ్చు, కానీ మూడో ఏట గైడును మార్చుకోవడం చాలా కష్టం.

మొదట ఆ ఆచార్యుల గత ఐదారేళ్ల పత్రాలను పబ్‌మెడ్ అనే వైద్య, జీవశాస్త్ర పత్రాల ఆన్‌లైన్ సూచికలో వెతికి చదవాలి. ఎన్ని పత్రాలున్నాయన్న లెక్కకంటే, వాటిలో మొదటి రచయితలు విద్యార్థులేనా, ఒకే ప్రశ్న పత్రం నుంచి పత్రానికి లోతుగా సాగుతోందా, లేక ఏటేటా కొత్త విషయానికి దూకుతున్నారా అన్నది చూడాలి. తర్వాత భారతీయ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఆ గైడు దగ్గర పూర్తయిన థీసిస్‌లను తెరవాలి. ఏ విద్యార్థి ఎప్పుడు సమర్పించారో, అధ్యాయాలు ఎంత సొంతంగా ఉన్నాయో, ఏయే పద్ధతులు ల్యాబ్‌లోనే చేశారో, ఏవి బయట చేయించారో వాటిలో స్పష్టంగా తెలుస్తుంది. ఇంత సమాచారం ఎవరైనా చూసుకునేలా ఉన్నా, చేరబోయేవారిలో దాన్ని తెరిచి చూసేవారు తక్కువ.

ఆ తర్వాత ల్యాబ్‌కు వెళ్లాలి. మూడో ఏడాది, నాలుగో ఏడాది స్కాలర్లతో గైడు లేనప్పుడు, క్యాంటీన్‌లో టీ తాగుతూ మాట్లాడాలి. మొదటి ఏడాది వారికి ఇంకా ఏమీ తెలియదు, చివరి ఏడాదివారికి ముగించే తొందర ఉంటుంది. వారిని అడగాల్సిన విషయాలు సూటిగానే ఉంటాయి. గైడు వారానికి ఎన్నిసార్లు కూర్చుని డేటా చూస్తారు? ప్రయోగం విఫలమైందని చెబితే ఏమంటారు? పత్రంలో పేర్ల వరుస ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారు? రసాయనాలు అయిపోతే కొత్తవి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? సెలవు అడిగితే ఎలా స్పందిస్తారు? చేరి మధ్యలో మానేసినవారు ఎవరైనా ఉన్నారా, ఎందుకు మానేశారు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి అందరూ తటపటాయిస్తే, ఆ తటపటాయింపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిబంధనలనూ గమనించాలి. ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ల్యాబ్‌కు నడుస్తున్న గ్రాంటు ఉందా, అది ఎప్పుడు ముగుస్తుంది అని అడగడం అమర్యాద కాదు. మీ ఫెలోషిప్ మీ జీతానికి సరిపోతుంది కానీ, ఎంజైములూ కాలమ్‌లూ కొనేది గ్రాంటు డబ్బుతోనే.

కొత్తగా చేరిన యువ అధ్యాపకుల దగ్గరకు వెళ్లాలా, పేరున్న పెద్ద ల్యాబ్‌కు వెళ్లాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. పెద్ద ల్యాబ్‌లో పద్ధతులు స్థిరపడి ఉంటాయి, నేర్పడానికి సీనియర్లుంటారు, కానీ గైడు సమయం దొరకదు. కొత్త ల్యాబ్‌లో మొదటి ఏడాది పరికరాలు అమర్చుకోవడంలోనే పోవచ్చు, అయితే గైడు మీ పక్కనే నిలబడి పిపెట్ పడతారు. స్వతంత్రంగా పనిచేసిన అనుభవం తక్కువ ఉన్నవారికి రెండోదే మేలని నేననుకుంటాను. ఎలాంటి తప్పు ఎక్కడ జరుగుతుందో గైడు కళ్లముందు నేర్చుకున్నది తర్వాతి ఏళ్లన్నిటికీ పనికొస్తుంది.

కోర్సువర్క్, సమస్య ఎంపిక

మొదటి ఏడాది కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత తప్పనిసరి. గణాంకశాస్త్రం కోర్సు ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ తర్వాత ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా కమిటీ ముందు పని వివరించాలి. ఆ కమిటీని గండంగా భావించకుండా, గైడుతో చెప్పలేని సాంకేతిక సందేహాలను కూడా అక్కడ ఉంచాలి.

సమస్యను ఎంచుకునేటప్పుడు మీ ప్రశ్నను కొలవగలిగే రూపంలో రాసి చూడండి. ‘ఫలానా ప్రొటీన్ పాత్రను అధ్యయనం చేయడం’ అన్నది ప్రశ్న కాదు. ‘ఈ ప్రొటీన్‌లో ఈ సెరీన్‌ను అలనీన్‌గా మార్చితే ఎంజైము వేగం తగ్గుతుందా, సబ్‌స్ట్రేట్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుందా’ అన్నది ప్రశ్న. ఏ జవాబు వచ్చినా ఒక అధ్యాయం రాయగలిగేలా ఉండాలి. దీనితోపాటు ఫలితం కచ్చితంగా వచ్చే ఒక పనినీ, రాకపోయే ప్రమాదమున్న ఒక పెద్ద పనినీ సమాంతరంగా నడిపితే, రెండోది బెడిసికొట్టినా థీసిస్ నిలబడుతుంది. జన్యుమార్పిడి జీవులతో పనిచేయడానికి సంస్థలోని జీవభద్రత కమిటీ, జంతువులకు జంతు నైతిక కమిటీ, రోగుల రక్త నమూనాలకు మానవ నైతిక కమిటీ అనుమతి ముందుగా ఉండాలి. వీటికి నెలలు పడుతుంది కాబట్టి కోర్సువర్క్ జరుగుతుండగానే దరఖాస్తులు పెట్టడం తెలివైన పని.

బెంచి దగ్గర

ఈ శాస్త్రంలో ఏళ్లకు ఏళ్లు తినేసే తప్పులు చాలావరకు చిన్నవే. పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి వాడే ట్రిస్ బఫర్‌నే తీసుకోండి. దాని పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున ఎదురు దిశలో కదులుతుంది. 25 డిగ్రీల గదిలో 8.0 దగ్గర సరిచేసిన బఫర్‌ను 4 డిగ్రీల చల్లని గదిలోకి తీసుకెళితే అది 8.6 దాకా చేరుతుంది. చేసేవారికి సీసా మీద రాసిన 8.0 మాత్రమే కనిపిస్తుంది, ప్రొటీన్ మాత్రం వేరే పీహెచ్‌లో ఉంటుంది. కాలమ్‌కు సరిగా అతుక్కోవడం లేదని, చర్య పడిపోతోందని నెలల తరబడి వెతికేవారుంటారు. అందుకే వాడే ఉష్ణోగ్రత వద్దే పీహెచ్ సరిచేసి, ఆ ఉష్ణోగ్రతను సీసా మీద రాయాలి.

ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రొటీన్‌ను తయారుచేసి నికెల్ కాలమ్ మీద శుద్ధి చేసేవారు ఇంకొకటి గమనించాలి. ప్రొటీన్‌ను విడిపించడానికి వాడే ఇమిడజోల్ ఎక్కువ గాఢతలో 280 నానోమీటర్ల వద్ద తానే కాంతిని పీల్చుకుంటుంది. బ్లాంక్‌గా (సున్నాగా పెట్టుకునే ద్రవంగా) నీళ్లు పెడితే లేని ప్రొటీన్ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. అదే ఇమిడజోల్ ఉన్న బఫర్‌నే బ్లాంక్‌గా పెట్టాలి. రంగుతో ప్రొటీన్‌ను కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో 595 నానోమీటర్ల వద్ద చదివేటప్పుడు డిటర్జెంట్లు రంగును చెడగొడతాయి. ప్రొటీన్ ఎక్కువ తయారైనా అంతా కరగని ముద్దగా అడుగున చేరితే, వెంటనే కొత్త ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) కట్టే ముందు, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ తగ్గించి, 37కు బదులు 18 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి చూడాలి.

ఒకే నమూనాను మూడు ట్యూబుల్లో పోసి కొలిస్తే అది మూడు ప్రయోగాలు కాదు, మీ పిపెట్ ఎంత స్థిరంగా ఉందో చెప్పే ఒకే ప్రయోగం. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కల్చర్ల నుంచి శుద్ధి చేసిన ప్రొటీన్‌తో మూడుసార్లు చేసినప్పుడే దోషరేఖలకు (ఎర్రర్ బార్‌లకు) అర్థం ఉంటుంది. ఈ తేడాను మొదటి ఏడాదే మనసులో నాటుకోకపోతే పత్రం సమీక్షకు వెళ్లినప్పుడు మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పనిని ఈ సందర్భంలో తలచుకోవాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. మోలిబ్డేట్‌తో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ ఎంతుందో చెప్పే ఆ పద్ధతిని ఇప్పటికీ మన ఎం.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో చేయిస్తారు. దాన్ని కండరాల నుంచి తీసిన ద్రవం మీద ప్రయోగించినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాకుండా ఆలస్యంగా చిక్కబడింది. ఆ ఆలస్యాన్ని పద్ధతిలోని లోపమని కొట్టిపారేయకుండా వారు వెంటపడ్డారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం ఉండటం వల్లే అలా జరుగుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఆ దారిలోనే వారు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ దగ్గరికీ చేరారు. సుబ్బారావుకు పీహెచ్‌డీ 1930లో వచ్చింది. పద్ధతి మీద అంత పట్టు ఉన్నందువల్లే రంగులోని ఆ చిన్న తేడా వారికి వార్తగా కనిపించింది. సరిపోలని అంకె వచ్చినప్పుడు మీ పద్ధతిని నమ్మవచ్చో లేదో చెప్పగలిగే స్థితిలో ఉండటం ఈ శిక్షణకు ప్రాణం.

అందుకే నోటుబుక్ ఆ రోజే రాయాలి. రసాయనం లాట్ నంబరు, సెంట్రిఫ్యూజ్ వేగాన్ని ఆర్‌పీఎమ్‌లో కాక గురుత్వ గుణకంలో, ప్రొటీన్ ఏ రోజు శుద్ధి చేసిందో, ఎన్నిసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించారో అన్నీ ఉండాలి. జెల్, బ్లాట్ బొమ్మల అసలు ఫైళ్లను కత్తిరించకుండా, వెలుగు మార్చకుండా రెండు చోట్ల దాచాలి. శుద్ధి చేసిన ప్రొటీన్‌ను చిన్న భాగాలుగా పంచి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు రెండుంటే రెండింటిలోనూ పెట్టాలి. వేసవిలో కరెంటు పోయి జనరేటర్ అందుకోని రాత్రి ఒకటి ఏ ల్యాబ్‌కైనా వస్తుంది.

గట్టిపడని ఆక్రిలమైడ్ నాడులకు విషం, ఎథిడియమ్ బ్రోమైడ్ డీఎన్ఏను మార్చగలదు, ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది. గ్లవ్స్ వేసుకున్న చేత్తోనే తలుపు గడియ తీయడం, ఫోను పట్టుకోవడం చాలా ల్యాబ్‌లలో కనిపించే దురలవాటు. చేరిన వారంలోనే దాన్ని మానుకోవాలి.

డబ్బు, మనసు

ఫెలోషిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆగి ఒకేసారి వస్తుంది. మొదటి విడత రావడానికి మరీ ఆలస్యం కావచ్చు. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్నవారు దీన్ని ముందే ఇంట్లో చెప్పి, వీలైతే మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరాలి. మహిళా స్కాలర్లకు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంటుంది. గరిష్ఠ గడువులో రెండేళ్ల అదనపు సడలింపు కూడా ఉంది. ఇవి హక్కుగా ఉన్నవి, ఎవరి దయా కాదు.

రెండో ఏడాది చివర, మూడో ఏడాది మొదట్లో చాలామందికి ఏ ఫలితమూ కనిపించని కాలం వస్తుంది. తోటివారు ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు, ఇంట్లో పెళ్లి మాట ఎత్తుతారు. అప్పుడు ఒంటరిగా ల్యాబ్‌లో గంటలు పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేది తక్కువ. ఆగిపోయిన ప్రయోగాన్ని కాగితం మీద దశలవారీగా విడగొట్టి, కచ్చితంగా పనిచేస్తున్నదేదో నియంత్రణ ప్రయోగంతో తేల్చుకుని, ఇంకొక ల్యాబ్‌లో అదే పద్ధతి చేసేవారి పక్కన ఒకరోజు నిలబడి చూడటం చాలాసార్లు దారి చూపుతుంది. నిద్ర పట్టకపోవడం, ల్యాబ్ పేరు వింటేనే భయం వేయడం వారాల తరబడి సాగితే క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికో డాక్టరు దగ్గరికో వెళ్లాలి. అది బలహీనత అనుకుని దాచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

పత్రం, థీసిస్, వైవా

పత్రం రాయడం చివరి ఏడాదికి వదలకూడదు. బొమ్మలను ముందు వరుసగా పేర్చి, ప్రతి బొమ్మ కింద అది చెప్పే ఒక్క వాక్యం రాస్తే, ఏ ప్రయోగం తక్కువైందో అక్కడే తెలుస్తుంది. 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పత్రం ప్రచురించాలన్న తప్పనిసరి షరతు లేకపోయినా, మీ విశ్వవిద్యాలయం సొంత నియమం వేరుగా ఉండవచ్చు. ఉద్యోగానికీ, పోస్ట్‌డాక్‌కూ పత్రం ఎలాగూ కావాలి. డబ్బు కట్టగానే వారంలో ప్రచురిస్తామని మెయిళ్లు పంపే పత్రికల జోలికి వెళ్లవద్దు. అలాంటి పత్రం మీ బయోడేటాలో ఎప్పటికీ ఉండిపోతుంది.

పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు. బయోకెమిస్ట్రీలో ఐదేళ్లకు పూర్తిచేయడం మంచి వేగమే. కాబట్టి నాలుగో ఏడాది చివరికి అధ్యాయాల చిత్తుప్రతి మొదలుకావాలి. పద్ధతుల అధ్యాయం ఎప్పుడైనా రాసుకోవచ్చు, దాన్ని మొదటి ఏడాది నుంచే కూడబెట్టాలి. సాహిత్య సమీక్షలో ఇతరుల వాక్యాలను అటూ ఇటూ మార్చి పెట్టకూడదు. సారూప్యత 10 శాతం లోపు ఉండాలన్న అంకెను దాటకుండా చూసుకోవడం వేరు, చదివి అర్థం చేసుకుని సొంతంగా రాయడం వేరు. పరీక్షకులు ఆ తేడాను రెండు పేజీల్లోనే పట్టుకుంటారు.

సమర్పణకు ముందు విభాగంలో సెమినార్ ఇవ్వాలి. అక్కడ వచ్చిన సూచనలను థీసిస్‌లో చేర్చాలి. ఆ తర్వాత గైడుతోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. సమర్పించిన నాటినుంచి వైవా ఫలితం దాకా మొత్తం ఆరు నెలల్లో ముగించాలని నిబంధన. వైవాలో మీ థీసిస్‌లోని అతి బలహీనమైన బొమ్మ గురించే అడుగుతారని సిద్ధపడి వెళ్లాలి. ఆ ప్రయోగం ఎక్కడి దాకా నిజం, ఎక్కడి నుంచి ఊహ అన్నది మీరే ముందుగా చెప్పగలిగితే చర్చ సాఫీగా సాగుతుంది.

డిగ్రీ ఇచ్చే ముందు థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి శోధ్‌గంగకు వెళ్లాలి, యూజీసీ నిబంధనల ప్రకారమే డిగ్రీ ఇచ్చామన్న ప్రొవిజనల్ సర్టిఫికెట్ విశ్వవిద్యాలయం నుంచి తీసుకోవాలి. అధ్యాపక ఉద్యోగాల దరఖాస్తుల్లో దాన్ని అడుగుతారు. ల్యాబ్ వదిలే వారంలో ప్లాస్మిడ్ల జాబితా, గ్లిజరాల్ స్టాకులు ఏ పెట్టెలో ఏ వరుసలో ఉన్నాయో తెలిపే పట్టిక, నోటుబుక్‌లు, అసలు డేటా ఫైళ్లు గైడుకు అప్పగించి సంతకం తీసుకోండి. మీ తర్వాత వచ్చే స్కాలర్‌తో ఒక పూట కూర్చుని, మీ ప్రొటీన్‌ను మొదటినుంచి చివరిదాకా వారి చేత్తో శుద్ధి చేయించి చూడండి. పద్ధతుల అధ్యాయంలో మీరు రాయడం మరిచిన దశలేవైనా ఉంటే ఆ పూటే బయటపడతాయి. వాటిని తుది ప్రతిలో సరిచేసుకునే సమయం మిగిలి ఉండేలా, ఈ పని వైవాకు ముందే పెట్టుకోవడం మంచిది.